మీ ఇంటి కంప్యూటరుకి తెలుగొచ్చా?

కొత్త తరగతులు మొదలయ్యే రోజుల్లో తల్లిదండ్రులు నన్ను ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా అమ్మాయికి ఏ లాప్‌టాపు కొనమంటారు? ఐప్యాడ్ మంచిదా, మామూలు కంప్యూటరు మంచిదా?" అని. కంప్యూటర్లంటే నాకున్న పిచ్చి తెలిసినవాళ్ళు కాబట్టి అడుగుతారు. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: "ఇప్పుడు మీ ఇంట్లో ఉన్నవాటికి తెలుగొచ్చా?"

చాలామంది నవ్వేసి ఊరుకుంటారు. కానీ ఒకసారి లెక్కేసుకోండి. సగటు తెలుగు కుటుంబంలో అమ్మకో ఫోను, నాన్నకో ఫోను, పిల్లలకో టాబ్లెట్టు, ఒకటో రెండో లాప్‌టాపులు ఉంటాయి. ఇవన్నీ తెలుగు చూపించగలవు. రాయడం మాత్రం మనం వాటికి చెప్పలేదు కాబట్టి రాదు. మన పిల్లలు వారాంతంలో కూర్చుని గుణింతాలు దిద్దుతారు, వత్తులు నేర్చుకుంటారు, ఒత్తు ఎక్కడ పెట్టాలో మాస్టారిని అడిగి మరీ రాస్తారు. మిగతా వారమంతా అమ్మమ్మకి ఏదైనా మెసేజీ పంపాలంటే ఇంగ్లీషు అక్షరాలే. అంటే బడిలో నేర్చుకున్న అక్షరానికి ఇంట్లో పనే లేదన్నమాట. పని లేని విద్య ఎన్నాళ్ళు నిలుస్తుంది?

అందుకని ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మీరు ఏ కంపెనీ వస్తువు కొన్నా సరే, దాంట్లో తెలుగు కీబోర్డు పెట్టండి. మీరు దాచుకోవలసిన తెలుగు రాత ఏదున్నా యూనికోడులో దాచండి. ఎందుకో, ఎలాగో కింద వివరిస్తాను. పిల్లలకి సరదాగా ఉండే లెక్కలు కూడా ఉన్నాయి, వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

కంప్యూటరుకి అక్షరాలు రావు, అంకెలే వచ్చు

మనం కీబోర్డు మీద ఒక అక్షరం నొక్కితే కంప్యూటరు ఆ అక్షరం బొమ్మని దాచుకోదు. ఒక నంబరుని దాచుకుంటుంది. ఇంగ్లీషులో పెద్ద 'ఏ' అక్షరం నంబరు 65. దాని తర్వాతది 66. ఇలా నంబర్లు ఇచ్చే పద్ధతుల్లో బాగా ప్రసిద్ధమైనది ఆస్కీ. అమెరికాలో 1963లో వచ్చింది. అందులో మొత్తం 128 స్థానాలు. ఇంగ్లీషు అక్షరాలకి, అంకెలకి, చుక్కలకి, కామాలకి అవి సరిపోయాయి. మన అక్షరాల సంగతి అప్పుడెవరూ తలుచుకోలేదు.

ఇక రెండో పని, ఆ నంబరుని తెర మీద బొమ్మగా చూపించడం. ఈ పని ఫాంటుది. ఫాంటు అంటే అక్షరాల బొమ్మలున్న సంచి అనుకోండి. 65 అనే నంబరు రాగానే సంచిలోంచి 65వ బొమ్మ తీసి తెర మీద పెడుతుంది.

ఈ రెండు పనులూ వేరువేరని గుర్తుపెట్టుకోండి. దాచేది నంబరు, చూపించేది బొమ్మ. మిగతా కథంతా ఇందులోంచే వస్తుంది.

వేషం వేసుకున్న ఇంగ్లీషు

కంప్యూటర్లలో తెలుగుకి సొంత నంబర్లు లేని రోజుల్లో మనవాళ్ళు ఒక ఉపాయం పన్నారు. ఇంగ్లీషు అక్షరాల నంబర్లనే వాడుకుని, ఫాంటులో బొమ్మలు మాత్రం మార్చేశారు. 65వ స్థానంలో ఇంగ్లీషు అక్షరం తీసేసి అక్కడ తలకట్టో, కొమ్మో, వత్తో పెట్టారు. ఇలాంటి ఫాంటులో ఉండే స్థానాలు మహా అయితే 256. వాటిలోనే తెలుగు ముక్కలన్నీ సర్దాలి. మెచ్చుకోవలసిన పనితనమే. అను, శ్రీలిపి వంటి ఫాంట్లతో ఊళ్ళో డీటీపీ సెంటర్లు పెళ్ళి శుభలేఖల దగ్గర్నుంచి పుస్తకాల దాకా ఎన్నో అచ్చువేసిపెట్టాయి.

కాగితం మీద అచ్చు వేసుకున్నంతకాలం దీంతో ఇబ్బంది లేదు. చిక్కల్లా ఆ ఫైలుని ఇంకో కంప్యూటరులో తెరిచినప్పుడే. అక్కడ ఆ ఫాంటు లేకపోతే వేషం ఊడిపోయి లోపలున్న ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు బయటపడతాయి. ఇంకో తెలుగు ఫాంటు వేసి చూద్దామన్నా కుదరదు. ఒక ఫాంటులో 'క' కూర్చున్న చోట ఇంకో ఫాంటులో గుడిదీర్ఘం కూర్చుని ఉంటుంది.

2000 ప్రాంతంలో అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇది బాగా గుర్తుండే ఉంటుంది. ఇంటర్నెట్టులో తెలుగు పేపరు చదవాలంటే ముందు ఆ పేపరు వాళ్ళ ఫాంటు దింపుకోవాలి. ఇంకో పేపరుకి ఇంకో ఫాంటు. ఆఫీసు కంప్యూటరులో ఫాంటు ఎక్కించుకునే అనుమతి లేకపోతే ఆ రోజుకి వార్తలు లేనట్టే. ఈ బాధ తప్పించడానికి వెన్న నాగార్జున గారు 'పద్మ' అనే పనిముట్టు తయారుచేశారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరులో దాన్ని తగిలించుకుంటే రకరకాల ఫాంట్లలో ఉన్న తెలుగుని అప్పటికప్పుడు యూనికోడులోకి మార్చి చూపించేది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలవడానికి కూడా ఆయనే కారకులు.

యూనికోడు అంటే అందరికీ సొంత ఇల్లు

ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే పట్టికలో నంబర్లు ఇవ్వాలన్న ప్రయత్నమే యూనికోడు. 1991లో వచ్చిన మొదటి సంచికలోనే తెలుగుకి చోటు దొరికింది. మనకి ఇచ్చిన స్థలం 3072 నుంచి 3199 దాకా, అంటే సరిగ్గా 128 స్థానాలు. ఆస్కీ మొత్తం ఎంతో, మన ఒక్క తెలుగు వాటా అంత!

ఇందులో 'అ' నంబరు 3077. 'క' నంబరు 3093. దీర్ఘం 3134. పొల్లు 3149. ఇప్పుడు పిల్లలకి ఒక ప్రశ్న. 'అమ్మ' అన్న మాటలో అక్షరాలెన్ని? బడిలో రెండు అని చెప్పారు, అది సరైనదే. కంప్యూటరు మాత్రం నాలుగు అంటుంది. అ (3077), మ (3118), పొల్లు (3149), మళ్ళీ మ (3118). పొల్లు పక్కన హల్లు వచ్చింది కాబట్టి రెండో 'మ'ని వత్తుగా మార్చి కింద పెట్టడం ఫాంటు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు కలిసి చేసే పని. నమ్మకం లేకపోతే 'అమ్మ' అని టైపు చేసి బ్యాక్‌స్పేసు మెల్లగా ఒక్కొక్కసారి నొక్కండి. చాలా చోట్ల ముందు 'అమ్' అవుతుంది, తర్వాత 'అమ', ఆ తర్వాత 'అ'.

ఇంకో తమాషా. తెలుగు నంబరుకి 128 కలిపితే సాధారణంగా అదే కన్నడ అక్షరం వస్తుంది. మన 'క' 3093, కన్నడ 'క' 3221. భారతీయ లిపులకి ముందే ఉన్న ఇస్కీ అనే ప్రమాణం ఆధారంగా యూనికోడులో వీటిని ఒకే వరసలో అమర్చారు. రెండు భాషలూ అక్కాచెల్లెళ్ళని పెద్దలు చెప్పే మాట కంప్యూటరు నంబర్లలో కూడా కనిపిస్తుంది.

నంబర్లు ఇచ్చినంత మాత్రాన ఇళ్ళలోకి తెలుగు రాలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో 'గౌతమి' అనే తెలుగు ఫాంటు పెట్టారు. పేరు చూశారా, అది మన గోదావరి పాయ పేరు కూడా. అయితే అప్పట్లో సెట్టింగుల్లోకి వెళ్ళి భారతీయ లిపుల సదుపాయం విడిగా ఎక్కించుకోవలసి వచ్చేది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు కూడా ఆ రోజుల్లో ఎందరికో అందమైన యూనికోడు తెలుగుని పరిచయం చేశాయి. ఇప్పుడు ఏ ఫోను, ఏ కంప్యూటరు కొన్నా తెలుగు ఫాంటు లోపలే ఉంటుంది. మండలి, సురవరం, పెద్దన, తిమ్మన, గిడుగు, రామభద్ర వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఉగాది పోస్టర్లు చేసే పిల్లలు వీటిని వాడి చూడండి.

ఐఫోనుని పడగొట్టిన అక్షరం

2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగింది. ఒక తెలుగు అక్షరాన్ని మెసేజీలో పంపితే అందుకున్నవాళ్ళ ఐఫోనులో ఆ మెసేజీ యాప్ కుప్పకూలిపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ పడిపోయేది. ఆపిల్ వాళ్ళ ఐఓఎస్ 11.2.5 వాడుతున్న ఫోన్లలో ఈ సమస్య వచ్చింది. ఇంగ్లీషు పత్రికలన్నీ "తెలుగు అక్షరం" అంటూ వార్తలు రాశాయి. ఆ అక్షరం ఏదనుకుంటున్నారు? 'జ్ఞానం'లోని 'జ్ఞా'!

ఇప్పటిదాకా చదివినవాళ్ళకి కారణం ఇట్టే అర్థమవుతుంది. 'జ్ఞా'లో నాలుగు నంబర్లున్నాయి. జ (3100), పొల్లు (3149), ఞ (3102), దీర్ఘం (3134). వీటి మధ్య కంటికి కనపడని ఇంకో గుర్తు కూడా చేరినప్పుడు ఆ వరసని బొమ్మగా అమర్చడం తెలియక సాఫ్ట్‌వేరు తికమకపడింది. దాచిన నంబర్లలో తప్పేమీ లేదు. బొమ్మ గీసే ప్రోగ్రాములోనే పొరపాటు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దారు.

దీన్నుంచి మనం నేర్చుకోవలసినవి రెండు. ఒకటి, ఫోను అప్‌డేటు అడిగితే వాయిదా వేయకండి. మన లిపికి సంబంధించిన దిద్దుబాట్లు కూడా వాటితోనే వస్తాయి. రెండోది ఇంకా ముఖ్యం. తెలుగు ఇప్పుడు కంప్యూటరు ప్రపంచంలో సొంత నంబరున్న భాష కాబట్టే ఒక్క అక్షరం చెడినా అంత పెద్ద కంపెనీ బాధ్యత తీసుకుని కొద్ది రోజుల్లో సరిచేసింది. పాత వేషాల ఫాంటులో ఇలాంటి చిక్కు వస్తే ఎవరిని అడుగుతాం?

పాట, పాత - ఇంగ్లీషులో రాస్తే రెండూ ఒకటే

ఇప్పుడు కీబోర్డు దగ్గరికి వద్దాం. "ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే ఏం పోయింది, అమ్మమ్మకి అర్థమవుతోందిగా?" అని కొందరంటారు. అమ్మమ్మకి తెలుగు ముందే వచ్చు కాబట్టి అర్థమవుతుంది. నేర్చుకుంటున్న పిల్లల మాటేమిటి? మామూలుగా మెసేజీల్లో రాసే పద్ధతిలో 'పాట', 'పాత' రెండిటికీ స్పెల్లింగు ఒకటే. 'అత్త' అన్నా 'అట్ట' అన్నా అంతే. 'కత్తి', 'కట్టి' కూడా అంతే. హ్రస్వమా దీర్ఘమా, 'ద'నా 'డ'నా అన్న తేడా ఇంగ్లీషు అక్షరాల్లో చెరిగిపోతుంది. అమెరికాలో పుట్టిన పిల్లలకి చెవితో పట్టుకోవడం కష్టమైన తేడాలు సరిగ్గా ఇవే. బడిలో మాస్టార్లు వారం వారం దిద్దేది కూడా వీటినే. అలాంటప్పుడు ఇంట్లో రోజూ వాటిని చెరిపేసే రాత అలవాటు చేయడం నాకు నచ్చదు.

తెలుగులో టైపు చేయడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది ఊహించే పద్ధతి. ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా తోస్తే అలా కొడితే ఫోను ఊహించి తెలుగు మాటలు చూపిస్తుంది. 'అత్త', 'అట్ట' రెండూ కనిపిస్తాయి, మనం ఒకటి ఎంచుకోవాలి. చదవడం బాగా వచ్చిన పెద్దవాళ్ళకి ఇది హాయి. చదవడం అంతంత మాత్రంగా వచ్చిన పిల్లలు మాత్రం మొదట కనిపించిందే నొక్కేస్తారు.

రెండోది నియమం ప్రకారం రాసే పద్ధతి. దీని వెనక మన అమెరికా కథ ఒకటుంది. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు గారు, ఆనంద కిశోర్ గారు ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగుని తేడాల్లేకుండా రాసే ఒక పద్ధతి ఏర్పరిచారు. ఆర్‌టీఎస్ అంటే అదే. అందులో చిన్న 'టీ' కొడితే 'త', పెద్ద 'టీ' కొడితే 'ట'. ఇక అత్తకీ అట్టకీ గొడవ లేదు. తర్వాత 2006 ప్రాంతంలో వీవెన్ గారు తయారుచేసిన లేఖిని ఇలాంటి పద్ధతినే బ్రౌజరులోకి తెచ్చింది. ఏమీ ఎక్కించుకోకుండానే, పై పెట్టెలో కొడుతుంటే కింది పెట్టెలో తెలుగు వచ్చేది. తెలుగులో బ్లాగులు రాసిన ఎంతోమంది దాంతోనే మొదలుపెట్టారు.

మూడోది అసలు తెలుగు అక్షరాల కీబోర్డు. కంప్యూటరులో దీన్ని ఇన్‌స్క్రిప్ట్ అంటారు. ఇది భారత ప్రభుత్వ ప్రమాణం. అచ్చులు, గుణింతాల గుర్తులు ఎడమచేతి వైపు ఉంటాయి, హల్లులు ఎక్కువగా కుడిచేతి వైపు ఉంటాయి. 'అమ్మ' కొట్టాలంటే అ, మ, పొల్లు, మ అని నాలుగు మీటలు. పైన చెప్పిన నాలుగు నంబర్లూ అదే వరసలో! 'కా' కావాలంటే క, తర్వాత దీర్ఘం. అంటే బడిలో నేర్పే గుణింతం వరసే వేళ్ళకీ అలవాటవుతుంది. పైగా ఇన్‌స్క్రిప్ట్‌లో హిందీకి, కన్నడానికి కూడా మీటల అమరిక ఇదే కాబట్టి ఒకటి నేర్చుకుంటే మిగతావి సులువు.

నా అభిప్రాయం ఇది. అక్షరాలు, గుణింతాలు నేర్చుకుంటున్న పిల్లలకి మూడో పద్ధతే పెట్టండి. ఫోనులో అయితే తెలుగు అక్షరాలు కనిపించే కీబోర్డు. మొదటి రెండు వారాలు వెతుక్కుంటారు, విసుక్కుంటారు కూడా. కానీ ప్రతి మాటకీ "ఇది 'ట'నా 'త'నా?" అని ఆగి ఆలోచిస్తారు. ఆ ఆగడమే మనకి కావలసింది. ఇంగ్లీషు టైపింగు బాగా అలవాటైన పెద్ద పిల్లలకి, తల్లిదండ్రులకి రెండోదో మొదటిదో సరిపోతుంది. పద్ధతి ఏదైనా చివరికి దాచేవి అవే యూనికోడు నంబర్లు కాబట్టి ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో పద్ధతి వాడినా ఏ ఇబ్బందీ లేదు.

ఎక్కడ, ఎలా పెట్టుకోవాలి?

మెనూల పేర్లు సంవత్సరానికోసారి అటూ ఇటూ మారుతుంటాయి గానీ దారి మాత్రం ఇదే.

ఐఫోను, ఐప్యాడ్: సెట్టింగ్స్, అందులో జనరల్, అందులో కీబోర్డు, మళ్ళీ కీబోర్డ్స్, అక్కడ కొత్త కీబోర్డు చేర్చమని నొక్కి తెలుగు ఎంచుకోండి. తర్వాత టైపు చేసేటప్పుడు భూగోళం బొమ్మ నొక్కితే భాష మారుతుంది.

ఆండ్రాయిడ్: జీబోర్డు ఉంటే దాని సెట్టింగుల్లో లాంగ్వేజెస్‌లోకి వెళ్ళి తెలుగు చేర్చండి. తెలుగు అక్షరాలది, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి మార్చేది రెండూ కనిపిస్తాయి. పిల్లల ఫోనుకి మొదటిది, మీకు నచ్చితే మీకు రెండోది.

విండోస్: సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో లాంగ్వేజ్, అక్కడ తెలుగు చేర్చండి. విండోస్ 10లో 2019 నుంచి ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఫొనెటిక్ కీబోర్డు కూడా ఇస్తున్నారు. విండోస్ మీట, స్పేసు బారు కలిపి నొక్కితే భాష మారుతుంది.

మాక్: సిస్టమ్ సెట్టింగ్స్‌లో కీబోర్డు, అందులో ఇన్‌పుట్ సోర్సెస్, అక్కడ కూడిక గుర్తు నొక్కి తెలుగు.

బడివాళ్ళు ఇచ్చిన క్రోమ్‌బుక్: సెట్టింగ్స్ మార్చే అనుమతి పిల్లలకి ఉండకపోవచ్చు. అప్పుడు గూగుల్ డాక్స్ తెరిచి, ఫైల్ మెనూలో భాషని తెలుగుకి మార్చి చూడండి. పైన టైపు పద్ధతులు ఎంచుకునే గుర్తు వస్తుంది. అది కూడా రాకపోతే ఇంటి కంప్యూటరే శరణ్యం.

ఏ ఒక్కదానికీ పైసా ఖర్చు లేదు. కాబట్టి "తెలుగు టైపు చేయడానికి సాఫ్ట్‌వేరు కొనండి" అని ఎవరైనా చెప్తే ముందు ఇవి వాడి చూడండి.

తాతగారి ఫైలు తెరుచుకోవడం లేదా?

మాట వరసకి, ఊళ్ళో తాతగారు తమ చిన్ననాటి సంగతులు, వంశవృక్షం రాసి డీటీపీ సెంటరులో టైపు చేయించారనుకుందాం. ఆ ఫైలు పెన్‌డ్రైవులో ఇక్కడికి వచ్చింది. తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులు. ఏం చేయాలి?

అన్నిటికంటే ముందు, పాడైపోయిందనుకుని చెరిపేయకండి. అది పాడవలేదు, వేషం ఊడిందంతే. వర్డ్‌లో ఆ గుర్తుల మీద పెట్టి చూస్తే పైన ఫాంటు పేరు కనిపిస్తుంది. ఆ పేరు రాసిపెట్టుకోండి. టైపు చేసిన సెంటరు ఇంకా ఉంటే అదే ఫైలుని పీడీఎఫ్‌గా పంపమనండి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపల పొదిగి ఉంటుంది కాబట్టి ఎక్కడైనా చదువుకోవచ్చు. అయితే అక్కడితో ఆగిపోకండి. పాత ఫాంటుతో చేసిన పీడీఎఫ్ చూడ్డానికి తెలుగే గానీ లోపల ఇంకా ఆ వేషాల నంబర్లే ఉంటాయి. అందులో తాతగారి ఊరి పేరు వెతికితే దొరకదు. కాపీ చేసి ఇంకోచోట పెడితే మళ్ళీ పిచ్చి గుర్తులే.

అందుకని దాన్ని యూనికోడులోకి మార్చాలి. పాత ఫాంట్లని మార్చిపెట్టే పనిముట్లు ఇంటర్నెట్టులో ఉన్నాయి, ఫాంటు పేరుతో వెతకండి. మీ ఫాంటుకి దొరకకపోతే ఇంకో దారి ఉంది. పేజీలని ఫొటోలుగానో పీడీఎఫ్‌గానో గూగుల్ డ్రైవులోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మలో ఉన్న తెలుగుని చదివి యూనికోడు అక్షరాలుగా మార్చి ఇస్తుంది. అచ్చు స్పష్టంగా ఉంటే బాగానే చదువుతుంది గానీ 'డ'కీ 'ఢ'కీ, 'థ'కీ 'ధ'కీ, 'మ'కీ 'య'కీ పొరబడే అవకాశం ఉంది. కాబట్టి మనిషి దిద్దవలసిందే. అమ్మమ్మ, తాతయ్యలతో వీడియో కాల్‌లో కూర్చుని ఒక్కో పేజీ చదివి దిద్దుకుంటే అంతకన్నా మంచి తెలుగు క్లాసు ఉండదు. కథలో ఉన్న మనుషులెవరో, ఆ ఊరి చెరువు ఎక్కడుందో, ఆ మాటకి అర్థమేమిటో పిల్లలు అడుగుతారు. ఇవి అడిగి తెలుసుకోవడానికి పెద్దవాళ్ళు ఎప్పటికీ ఉండరు కదా. అందుకే ఈ పని ఈ ఏడాదే మొదలుపెట్టమని నా మనవి.

పని పూర్తయ్యాక మూడు రకాలుగా దాచండి. దిద్దుకోవడానికి, వెతుక్కోవడానికి యూనికోడు ఫైలు. చదువుకోవడానికి పీడీఎఫ్. కరెంటు లేకపోయినా తెరుచుకునే కాగితం ప్రతి ఒకటి. ఫైళ్ళని ఒక్క లాప్‌టాపులోనే ఉంచకుండా ఇంకోచోట కూడా పెట్టండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ ఇళ్ళకి తలా ఒక ప్రతి పంపితే ఇంకా మంచిది. ఇదే సలహా మన తెలుగు బళ్ళకి కూడా. ప్రత్యేక సంచిక అచ్చుకి పంపేటప్పుడు పిల్లల వ్యాసాలు, కథలు యూనికోడులో విడిగా దాచిపెట్టండి. ఈ రోజు ఒకటో తరగతిలో కథ రాసిన పాప పెద్దయ్యాక తన కథని తనే వెతికి చదువుకోగలగాలి.

మరికొన్ని చిన్న సలహాలు

తెలుగులో మామూలు ఎస్సెమ్మెస్ పంపితే చిన్నదే రెండు మూడు ముక్కలుగా ఎందుకు లెక్కకొస్తుందని అడుగుతుంటారు. ఒక ఎస్సెమ్మెస్‌లో 1120 బిట్ల చోటు ఉంటుంది. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగు నంబరుకి 16 బిట్లు కావాలి కాబట్టి 70 మాత్రమే పడతాయి. పిల్లలూ, భాగహారం చేసి చూసుకోండి! వాట్సాప్ వంటివాటికి ఈ లెక్క లేదు.

తెలుగులో కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషుకి సరిపోయిన అక్షరం సైజు తెలుగుకి చాలదు. ఒకటి రెండు సైజులు పెంచండి, వరసల మధ్య ఎడం కాస్త ఎక్కువ ఇవ్వండి. చదవలేకపోతున్నాడని పిల్లవాడిని అనే ముందు అక్షరం సైజు చూడండి.

కళ్ళజోడు పెట్టుకుని చిన్న మీటలు నొక్కలేని పెద్దవాళ్ళకి మాటని రాతగా మార్చే సదుపాయం చూపించండి. జీబోర్డులో తెలుగు ఎంచుకుని మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే తెలుగులో రాసిపెడుతుంది. పిల్లలకి మాత్రం ఇది అలవాటు చేయకండి. వాళ్ళు వేళ్ళతోనే రాయాలి.

ఇక లాప్‌టాపు సంగతి. తెలుగు కోసమైతే ఖరీదైనది అక్కర్లేదు. రోజువారీ చదువుకి సరిపోయేది, తెర కాస్త పెద్దది, అప్‌డేట్లు ఇంకా కొన్నేళ్ళు వచ్చేది చూసి కొనండి. బొమ్మలు గీసే పిల్లలుంటే టాబ్లెట్టు బాగుంటుంది. వ్యాసాలు రాసే పిల్లలుంటే అసలైన కీబోర్డు ఉన్నదే నయం.

పిల్లలకి సెలవుల పని

మీ ఇంట్లో అల్మారాలో ఎక్కడో అమ్మమ్మో, నాయనమ్మో, తాతయ్యో చేత్తో రాసిన ఉత్తరం ఒకటి ఉండే ఉంటుంది. నీలం రంగు ఏరోగ్రాం కావచ్చు, ఆవకాయ కొలతలు రాసిన చీటీ కావచ్చు. అమ్మని అడిగి అది తీయించండి. ముందు వెలుతురులో చక్కగా ఫొటో తీయండి. తర్వాత తెలుగు కీబోర్డుతో ఒక్కొక్క అక్షరం చూస్తూ టైపు చేయండి. అర్థంకాని మాట దగ్గర ఆగి పెద్దవాళ్ళకి ఫోను చేసి అడగండి. వాళ్ళు రాసినట్టే ఉంచండి, మీ సొంతంగా మార్చకండి. ఒక పేజీకి ఒక వారం పట్టినా ఫరవాలేదు.

అయిపోయాక ఆ ఫైలుని వాళ్ళకే పంపండి, తెలుగులో ఒక్క వాక్యం మీరు సొంతంగా రాసి. ఏం రాయాలో తెలియకపోతే "అమ్మమ్మా, నీ ఉత్తరం నేనే టైపు చేశాను" అని రాయండి. అమ్మమ్మ తిరిగి ఏం రాసిందో వచ్చే తరగతిలో మాకందరికీ చదివి వినిపించండి.